చూపించే తెర, అడిగే తెర

2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌ల పంపిణీ మొదలైంది. పిల్లలకీ టీచర్లకీ కలిపి 5,18,740 ట్యాబ్‌లు, ఖర్చు 686 కోట్ల రూపాయలు అని ప్రభుత్వం లెక్క చెప్పింది. వాటిలో ఆన్‌లైన్ పాఠాల కంపెనీ బైజూస్ తయారుచేసిన పాఠాలు ముందే ఎక్కించి ఇచ్చారు. 2024 జూలై 16న ఆ కంపెనీ మీద దివాలా ప్రక్రియ మొదలైంది. అంతకు కొద్ది వారాల ముందే రాష్ట్రంలో ప్రభుత్వమూ మారింది. కంపెనీ సంగతీ పార్టీల సంగతీ వేరేవాళ్ళు చాలా రాశారు. నా పేచీ ఆ ట్యాబ్‌లో ఉన్న సరుకుతో. ముఖ్యంగా వీడియో పాఠాలు, వాటి చివర కొన్ని ప్రశ్నలు.

మిగతా చోట్ల కూడా ఇదే వరస. కేంద్రం ఆన్‌లైన్ పాఠాల వేదిక దీక్షా 2017 సెప్టెంబరులో మొదలైంది. పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు వచ్చాయి, స్కాన్ కాకపోతే కొట్టుకోవడానికి కింద ఆరక్షరాల కోడ్ కూడా ఇచ్చారు. తెలంగాణలో టీశాట్ అనే పాఠాల టీవీ ఛానళ్ళున్నాయి. హైస్కూళ్ళలో గోడలకు పెద్ద టచ్ ప్యానెళ్ళు వచ్చాయి. వీటన్నిటితో తరగతిలో ఎక్కువగా జరిగేది ఒకటే పని, పాఠాన్ని చూపించడం.

డిజిటల్ పరికరం చేయగల రెండో పని ఒకటుంది. అడగడం. అంటే గదిలో ఉన్న ముప్ఫై ఐదు మందినీ ఒకేసారి అడిగి, ఎవరు ఏ తప్పు దారిలో ఉన్నారో పేరుపేరునా టీచరు ముందు పెట్టడం. నల్లబల్ల ముందు నిలబడ్డ మనిషికి ఇది సాధ్యం కాదు. ఒకరిని లేపి అడిగితే మిగతా ముప్ఫై నాలుగు మంది బుర్రల్లో ఏముందో తెలియదు, లేచి చెప్పేవాడు ఎప్పుడూ ముందు బెంచీవాడే. డబ్బంతా చూపించడానికి పోస్తున్నాం. చదువు కదిలేది మాత్రం అడగడం దగ్గర. నా వాదన ఇంతే. మిగతాదంతా ఎందుకు, ఎలా అన్నది.

చూపిస్తే సరిపోదా?

హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజూర్ బృందం 2004లో ఒక పరిశోధన అచ్చువేసింది. తరగతిలో ప్రయోగం చేసి చూపిస్తే విద్యార్థులకు నిజంగా అర్థమవుతుందా అన్నది ప్రశ్న. ఊరికే చూసినవాళ్ళకు అర్థమైనది, అసలు చూడనివాళ్ళకు అర్థమైనదానికంటే ఏమంత ఎక్కువ లేదు. చూసేముందు ఏం జరుగుతుందో ఊహించి చెప్పమన్న వాళ్ళు మాత్రం మెరుగ్గా నిలిచారు. దానికి అదనంగా పట్టిన సమయం రెండు నిమిషాలు. ఎదురుగా జరిగిన ప్రయోగం సంగతే ఇలా ఉంటే, వీడియోలో చూసిన ప్రయోగం అంతకంటే గొప్పగా ఎక్కుతుందని అనుకోవడానికి కారణం కనబడదు.

పరికరాలు పంచడం మీద కూడా పాత అనుభవం ఉంది. పెరూ దేశం పిల్లకో ల్యాప్‌టాప్ పథకాన్ని పెద్ద ఎత్తున నడిపింది. 319 గ్రామీణ ప్రాథమిక పాఠశాలల్లో జరిపిన పరిశీలన ఫలితాలు 2012లో వచ్చాయి. సుమారు పదిహేను నెలల తర్వాత చూస్తే కంప్యూటర్లు పిల్లకి 0.12 నుంచి 1.18కి పెరిగాయి, లెక్కల్లో గానీ భాషలో గానీ మార్పు మాత్రం కనబడలేదు.

ఇంకో లెక్క ఇంజనీర్లకు బాగా ఎక్కుతుంది. మామూలు నాణ్యత వీడియో ఒక్కో ట్యాబ్‌కు సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున లాగుతుందనుకుందాం. నలభై ఐదు నిమిషాల పీరియడ్‌లో అది ఒక్కొక్కరికి దాదాపు 337 మెగాబైట్లు. ముప్ఫై మందికి 10 గిగాబైట్లు పైన. ఊరి బడికి వచ్చే నెట్ కనెక్షన్ ఒక్క పీరియడ్‌కే చేతులెత్తేస్తుంది. అదే ముప్ఫై మంది పది ప్రశ్నలకు ఇచ్చిన జవాబులు కొన్ని కిలోబైట్లలో పట్టేస్తాయి, టీచరు ఫోన్‌లోని మొబైల్ డేటా చాలు. చూపించడం ఖరీదు, అడగడం చవక. మనం ఖరీదైనదాన్నే పట్టుకున్నాం, బహుశా ప్రారంభోత్సవం ఫొటోలో వీడియో ఆడుతున్న తెర బాగా కనిపిస్తుందేమో.

ప్రశ్న ఎలా ఉండాలి

అడగడం అంటే వీడియో చివర తగిలించే ఐదు ప్రశ్నలు కాదు. ‘దశాంశ బిందువు తర్వాతి మొదటి స్థానాన్ని ఏమంటారు?’ అని అడిగితే, కంఠస్థం చేసినవాడు చెబుతాడు, చేయనివాడు చెప్పడు. వాడి బుర్రలో ఏముందో మనకు కొత్తగా తెలిసేదేమీ లేదు. మంచి ప్రశ్నలో తప్పు జవాబులే ఎక్కువ పని చేస్తాయి. ప్రతి తప్పు జవాబూ ఒక్కో రకం పొరపాటు ఆలోచనకు గుర్తుగా ఉండాలి.

దశాంశాలనే తీసుకుందాం. ఆరు, ఏడు తరగతుల్లో వచ్చే పాఠం. బోర్డు మీద ఇలా వేయండి: వీటిలో ఏది పెద్దది? ఎ: 3.45, బి: 3.6, సి: 3.125, డి: మూడూ సమానం.

సి అన్నవాళ్ళు బిందువు తర్వాతి భాగాన్ని మామూలు సంఖ్యలా చదువుతున్నారు. 125 పెద్దది, 6 చిన్నది. ఎ అన్నవాళ్ళ కథ వేరు. వాళ్ళు రూపాయలు, పైసల లెక్కలో ఉన్నారు. 3.45 అంటే మూడు రూపాయల నలభై ఐదు పైసలు, 3.6 అంటే మూడు రూపాయల ఆరు పైసలు, మూడో సంఖ్యలో చివరి అంకెను వదిలేస్తారు. ఇద్దరికీ పరీక్షలో వచ్చేది అదే సున్నా. చెప్పాల్సిన మాట మాత్రం వేరు. సి వాళ్ళకు స్థాన విలువల పట్టిక గీసి చూపాలి, ఎ వాళ్ళకు 3.6ని 3.60గా రాయించాలి.

ఇక బి అన్నవాళ్ళందరికీ వచ్చేసినట్టేనా? కాదు. కొంతమంది పిల్లలు శతాంశాలు, సహస్రాంశాలు చిన్న ముక్కలని విన్నాక, అంకెలు ఎన్ని ఎక్కువుంటే సంఖ్య అంత చిన్నదని తీర్మానించుకుంటారు. వాళ్ళకు 3.6 పెద్దది, ఎందుకంటే అది పొట్టిది. జవాబు సరైనదే, దారి తప్పు. వాళ్ళను పట్టుకోవాలంటే వెంటనే రెండో ప్రశ్న వేయాలి: 5.62, 5.7, 5.736లలో ఏది పెద్దది? పొట్టిదే పెద్దదనుకునేవాళ్ళు ఇక్కడ 5.7 దగ్గర దొరికిపోతారు. తమాషా ఏమిటంటే మొదటి ప్రశ్నలో సి అని తప్పిన పిల్లలు ఈ రెండో ప్రశ్నను సరిగ్గా చెప్పేస్తారు, 736 పెద్దది కదా. రెండు ప్రశ్నల జవాబుల్ని పేరుపేరునా పక్కపక్కన పెడితే తప్ప ఎవరు ఎక్కడున్నారో తేలదు. రెంటినీ కలిపి రెండుకి ఒక మార్కు అని రిజిస్టర్‌లో రాస్తే, మూడు రకాల పిల్లలు ఒకే గీత కింద పడిపోతారు.

క్రికెట్ చూసే పిల్లలతో ఇంకో చిక్కుంది. 4.3 ఓవర్లకు మరో నాలుగు బంతులు కలిపితే 5.1 అవుతుంది. ఆ అలవాటుతో 4.3కి 0.4 కలిపి 5.1 అని రాసే పిల్లవాడు కూడిక రానివాడు కాదు, వాడి ఓవరుకు ఆరే బంతులు. దీన్ని కూడా ఒక తప్పు జవాబుగా పెట్టుకోవచ్చు.

ఈ జవాబుల్ని ఏరుకోవడానికి పిల్లకో ట్యాబ్ అక్కర్లేదు. ప్లికర్స్ అనే పద్ధతిలో పిల్లల చేతిలో ఉండేది కాగితం అట్ట, అంతే. మామూలు సెట్‌లో 40 అట్టలుంటాయి, ఒక్కోదాని మీద క్యూఆర్ కోడ్‌లాంటి నల్లటి బొమ్మ ఒక్కో రకంగా ఉంటుంది. నాలుగు అంచుల మీద నాలుగు జవాబుల అక్షరాలు చిన్నగా ఉంటాయి, పక్కవాడికి కనబడకుండా. తన జవాబు అక్షరం పైకి వచ్చేలా పిల్ల అట్టను తిప్పి పట్టుకుంటుంది. టీచరు తన ఫోన్ కెమెరాను తరగతి మీదుగా ఒకసారి అటునుంచి ఇటు తిప్పితే జవాబులన్నీ పేర్లతో సహా పడతాయి.

తేడా వచ్చేది చిన్న చిన్న వాటితో. అట్టలు పాడవకూడదని మెరిసే లామినేషన్ చేయిస్తారు, దాని మీద ట్యూబులైటు వెలుగు పడి కెమెరాకు బొమ్మ కనబడదు. మెరుపు లేని లామినేషన్ అయితే చేయించండి, లేదంటే దళసరి అట్ట మీద అతికించి వదిలేయండి. కిటికీకి వీపు పెట్టి కూర్చున్న వరసలో అట్టలు నీడలో పడతాయి, వాళ్ళ కోసం ఫోన్‌ను కాస్త పక్కగా పట్టుకుని ఇంకోసారి తిప్పాలి. వేళ్ళు నల్ల బొమ్మ మీద పడకూడదు, మొదటి వారం సగం గొడవ దీనితోనే. వెనక బెంచీల వాళ్ళకు పెద్ద సైజు అట్టలివ్వండి. అట్ట నంబరు, హాజరు పట్టీ నంబరు ఒకటే ఉండాలి. లేకపోతే జవాబులు వేరేవాళ్ళ పేర్ల మీద పడతాయి, ఆ సంగతి నెల తర్వాత గానీ బయటపడదు.

జవాబులు వచ్చాక ఏం చేయాలి? మజూర్ తన తరగతుల్లో వాడే కొలత సూటిగా ఉంటుంది. సరైన జవాబు నూటికి ముప్ఫై మందికన్నా తక్కువ చెప్పారంటే పాఠం ఎక్కలేదు, మళ్ళీ వేరేలా చెప్పాలి. ముప్ఫైకీ డెబ్భైకీ మధ్య ఉంటే జవాబు చెప్పకుండా, పక్కవాళ్ళతో వాదించుకోమని రెండు మూడు నిమిషాలిచ్చి మళ్ళీ అడగాలి. డెబ్భై దాటితే ఒక మాట వివరించి ముందుకెళ్ళాలి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, మొదటి ఓటు పడగానే ఫలితాల పట్టీని తెర మీద చూపించేయడం. ఎక్కువమంది ఏది అన్నారో కనబడ్డాక ఇక వాదన ఉండదు, అందరూ ఆ పక్కకే జరిగిపోతారు. రెండో ఓటు అయ్యేదాకా పట్టీ టీచరు ఫోన్‌లోనే ఉండాలి.

ఉన్న ప్యానెల్‌ను ఏం చేద్దాం

గోడకు వచ్చిన ప్యానెల్ ఎటూ పోదు. దాన్నీ అడిగే పనికి పెట్టొచ్చు. కొలరాడో విశ్వవిద్యాలయంలో కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన ఫెట్ సిమ్యులేషన్లు, అంటే తెర మీద చేసి చూసే ప్రయోగాలు, ఉచితం, చాలావాటికి తెలుగు రూపం ఉంది. ఇంటి దగ్గర డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో తెస్తే నెట్ లేకుండా బ్రౌజర్‌లో నడుస్తాయి. విద్యుత్ వలయాల సిమ్యులేషన్‌లో ఒక బ్యాటరీ, ఒకేలాంటి రెండు బల్బులు వరసగా, అంటే శ్రేణిలో కలపండి. స్విచ్ వేయకండి. ముందు అడగండి: బ్యాటరీ ధన ధ్రువానికి దగ్గరున్న బల్బు ఎక్కువ వెలుగుతుందా, రెండోది ఎక్కువా, రెండూ సమానమా, రెండూ వెలగవా? మొదటిదే ఎక్కువ అనే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. మొదటి బల్బు కరెంటులో కొంత తినేసి మిగిలింది రెండోదానికి పంపుతుందని వాళ్ళ నమ్మకం. అట్టలు పైకెత్తించి, జవాబు నమోదు చేసుకుని, అప్పుడు స్విచ్ వేయండి.

ఒక హెచ్చరిక. ఈ సిమ్యులేషన్‌లో బ్యాటరీ అంతర్నిరోధం, అంటే కరెంటును బ్యాటరీ లోపలే అడ్డుకునే గుణం, మొదట సున్నా ఉంటుంది. సమాంతరంగా మూడో బల్బు, నాలుగో బల్బు కలుపుతూ పోయినా వెలుగు ఏమాత్రం తగ్గదు. అదే నిజం పెన్సిల్ సెల్‌తో చేస్తే తగ్గుతుంది. తెర మీద చూసి ఇంట్లో చేసిన పిల్ల ‘మాస్టారూ, కంప్యూటర్ అబద్ధం చెప్పింది’ అంటే ఆ పిల్ల అన్నది నిజం. అధునాతన అమరికల్లో బ్యాటరీ నిరోధాన్ని పెంచుకునే వీలుంది, దాన్ని పెంచి మళ్ళీ చూపండి. నిజం సెల్, నిజం బల్బులు పక్కనే ఉంటే ఇంకా మంచిది.

ప్యానెల్ మీద రాసేటప్పుడు అక్షరం సైజు గురించి ఎవరూ చెప్పరు. చూసే దూరంలో రెండు వందలో వంతు ఎత్తు ఉంటే హాయిగా చదవొచ్చన్నది పనికొచ్చే కొలత. చివరి బెంచీ ఎనిమిది మీటర్ల దూరంలో ఉంటే అక్షరం నాలుగు సెంటీమీటర్లుండాలి. 75 అంగుళాల తెర ఎత్తు సుమారు 93 సెంటీమీటర్లు. తెలుగుకు కింద ఒత్తులు, పైన గుడులు ఉంటాయి కాబట్టి వరసకు పది సెంటీమీటర్లు వదలాలి. తొమ్మిది వరసలకు మించి పట్టవు. పాఠ్యపుస్తకం పేజీని పీడీఎఫ్‌గా పెట్టి చదివించే తరగతిలో వెనక మూడు బెంచీల వాళ్ళు చూస్తున్నది తెల్లటి దీపం.

తెలుగు టైపింగ్ చిక్కులు ఇంకో రకం. బడుల్లో ఉన్న ప్రశ్నపత్రాల్లో చాలావరకు అను ఫాంట్లలో కొట్టినవి. అన్ని యంత్రాలూ ఒకేలా చదివే యూనికోడ్ పద్ధతి కాదు గనుక వాటిని కాపీ చేసి గూగుల్ ఫారంలో పెడితే పిచ్చి గీతలు వస్తాయి, కన్వర్టర్‌తో మార్చి, ఒత్తులన్నీ ఒకసారి చూసుకోవాలి. ఫారంలో ఒక మాటతో జవాబు రాయమని అడిగి యంత్రాన్నే దిద్దమంటే ఇంకో ప్రమాదం. అది అక్షరాల వరస ముమ్మూర్తులా ఒకటే ఉంటేనే ఒప్పంటుంది. నీళ్లు, నీళ్ళు దానికి వేర్వేరు మాటలు. కొన్ని కీబోర్డులు మాట మధ్యలో కంటికి కనబడని గుర్తు ఒకటి చేరుస్తాయి, అది ఉన్న జవాబు లేని జవాబుతో కలవదు. సరిగ్గా రాసిన పిల్లకు సున్నా పడుతుంది. నాలుగు జవాబుల్లోంచి ఎంచుకునే ప్రశ్నలే పెట్టండి, తప్పదనుకుంటే సరైన జవాబు గడిలో వీలైన రూపాలన్నీ చేర్చండి.

పిల్లకో ట్యాబ్ ఎక్కడ అవసరం

పిల్ల స్థాయిని బట్టి ప్రశ్నలు మార్చే సాఫ్ట్‌వేర్‌కు ట్యాబ్ కావాలి. ఇక్కడ నేను ట్యాబ్‌ల పక్షమే. ఢిల్లీలో 2015లో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్ మీద కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాండ్రో గనీమియన్ జరిపిన పరిశోధన 2019లో వెలువడింది. చీటీలు వేసి ఎంపిక చేసిన మాధ్యమిక పాఠశాల పిల్లలు, నాలుగున్నర నెలలు. లెక్కల్లో 0.37, హిందీలో 0.23 ప్రామాణిక విచలనాల (పిల్లల మార్కులు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) మెరుగుదల వచ్చింది. విద్యారంగ పరిశోధనల్లో ఇది పెద్ద అంకె. ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారనీ, తొమ్మిదికి వచ్చేసరికి ఆ దూరం నాలుగున్నర తరగతులైందనీ కూడా అందులోనే తేలింది. తొమ్మిదో తరగతి పాఠాన్ని ఎంత అందంగా చూపించినా, ఐదో తరగతి దగ్గర ఆగిపోయిన పిల్లకు ఎక్కదు. ఆ పిల్లను ఐదో తరగతి ప్రశ్న అడగాలి.

అమ్మకందార్లు ఈ అంకెల్ని చూపిస్తారు గానీ రోజు వివరం చూపించరు. ఆ కేంద్రాల్లో పిల్లలు రోజుకు గంటన్నర ఉండేవారు. అందులో సాఫ్ట్‌వేర్ ముందు నలభై ఐదు నిమిషాలు, మిగతా నలభై ఐదు నిమిషాలు చిన్న గుంపుగా ఒక సహాయక టీచరు దగ్గర. ఆ రెండో సగాన్ని కోసేసి, వారానికి ఒక పీరియడ్ కంప్యూటర్ గదికి పంపి అదే ఫలితం రావాలంటే రాదు.

ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ను పిల్లలు మోసం చేసే దారులు తెలిసినవే. మొదట స్థాయి తేల్చే పరీక్ష ఇంట్లో పెడితే అన్నయ్య రాసేస్తాడు, పిల్ల మూడు తరగతులు పైన మొదలై మొదటి వారంలోనే చేతులెత్తేస్తుంది. అది బడిలోనే, టీచరు ఎదురుగా జరగాలి. తర్వాత గుడ్డిగా నొక్కడం. నాలుగు జవాబులూ వరసగా నొక్కుకుంటూ పోతే ఏదో ఒకటి పచ్చగా వెలుగుతుంది. సూచన బొత్తం వరసగా నొక్కితే చివరి సూచన జవాబే. అందుకే డ్యాష్‌బోర్డులో మార్కులకన్నా ముందు ఒక్కో ప్రశ్నకు పట్టిన సమయం చూడాలి. రెండంకెల భాగహారానికి మూడు సెకన్లు పట్టిందంటే అది జవాబు కాదు. పక్కన రఫ్ నోట్‌బుక్ తప్పనిసరి చేస్తే సగం మోసం ఆగిపోతుంది, కాగితం మీద పని లేకుండా తెర మీద జవాబు చెల్లదని చెప్పాలి.

ఏకోపాధ్యాయ పాఠశాలల్లో ఈ పరికరాల విలువ రెట్టింపవుతుంది. ఒకే గదిలో ఒకటి నుంచి ఐదు తరగతులు, ఒకే టీచరు. పెద్ద పిల్లలు ఇరవై ఐదు నిమిషాలు ట్యాబ్‌లతో తమ స్థాయి లెక్కలు చేసుకుంటుంటే, టీచరు చిన్నవాళ్ళకు గుణింతాలు దిద్దించవచ్చు. ఐదారు ట్యాబ్‌లు చాలు, తరగతులు మారుతూ వాడుకుంటారు. ఛార్జింగ్ భయం కూడా అనవసరం. 5,100 మిల్లీయాంప్ అవర్ బ్యాటరీ నిండటానికి నష్టాలతో కలిపి పాతిక వాట్ అవర్లు వేసుకున్నా, ముప్ఫై ట్యాబ్‌లకు ఒక యూనిట్ కరెంటు కూడా కాదు. అసలు సమస్య చౌక ఎక్స్‌టెన్షన్ బోర్డు. వదులు సాకెట్లు వేడెక్కుతాయి, కేబుళ్ళు మూడు నెలల్లో పోతాయి. ట్యాబ్‌లు కొనే బడ్జెట్‌లోనే ఏటా కేబుళ్ళకు డబ్బు రాసుకోవాలి.

చిన్న తరగతుల్లో చదవడం వినే యంత్రాలు కూడా వచ్చాయి. గూగుల్ 2019లో బోలో పేరుతో తెచ్చి తర్వాత రీడ్ అలాంగ్‌గా మార్చిన యాప్ తెలుగు కథలు చదివిస్తుంది, పిల్ల గొంతు విని తప్పు మాట దగ్గర ఆపుతుంది. కథలు ముందే దింపుకుంటే నెట్ అక్కర్లేదు. పదిమంది ఒకే గదిలో చదివితే మాత్రం పక్కవాడి గొంతును పట్టుకుని ఒప్పు వేసేస్తుంది. మైకున్న తీగ ఇయర్‌ఫోన్ పెట్టి, వరండాలో నాలుగడుగుల దూరంలో కూర్చోబెట్టాలి. ఇక్కడే ఒక లక్ష్యం గురించి చెప్పాలి. 2021 జూలైలో వచ్చిన కేంద్ర పథకం నిపుణ్ భారత్, మూడో తరగతి పిల్లలు నిమిషానికి అరవై మాటలు చదవాలంది. ‘వెళ్ళవలసివచ్చింది’ అనేది తెలుగులో ఒక్క మాట. చిన్న చిన్న మాటల భాషలకూ తెలుగుకూ ఒకే అంకె పెడితే తెలుగు పిల్లలు ఊరికే వెనకబడినట్టు కనబడతారు. పిల్లల చదివే సామర్థ్యం మీద 2022లో జరిగిన జాతీయ అధ్యయనంలో భాషకో కొలత వేరుగా కట్టారు, బడుల గోడల మీద మాత్రం అరవై అలాగే ఉండిపోయింది.

జవాబు చెప్పే యంత్రం వచ్చాక

చాట్‌జీపీటీ వచ్చింది 2022 నవంబరు 30న. చూపించడంలో ఇంతకు మించిన యంత్రం లేదు, ఏది అడిగినా చెబుతుంది. టర్కీలో ఒక ఉన్నత పాఠశాలలో వెయ్యిమంది దాకా విద్యార్థులతో లెక్కల తరగతుల్లో జరిపిన ప్రయోగం ఫలితాలు 2025లో అచ్చయ్యాయి. మామూలు చాట్‌బాట్ పక్కన పెట్టుకుని అభ్యాసం చేసినవాళ్ళు, అభ్యాసంలో 48 శాతం మెరుగ్గా చేశారు. దాన్ని తీసేసి పరీక్ష పెడితే, అసలు వాడనివాళ్ళకన్నా 17 శాతం తక్కువ తెచ్చుకున్నారు. జవాబు నేరుగా చెప్పకుండా సూచనలు మాత్రమే ఇచ్చే రెండో రకం బాట్ వాడినవాళ్ళు అభ్యాసంలో 127 శాతం మెరుగ్గా చేశారు, పరీక్షలో నష్టం దాదాపు లేదు. అలాగని లాభమూ లేదు, అది కూడా చెప్పుకోవాలి. ఆ రెండో బాట్‌కు ముందుగా ఇచ్చినవి ఏమిటంటే, ప్రతి లెక్కకు సరైన సాధన, పిల్లలు మామూలుగా చేసే తప్పులు, ఆ తప్పుకు ఎలాంటి సూచన ఇవ్వాలో టీచర్లు రాసిన మాటలు. యంత్రం జాగ్రత్తగా ప్రవర్తించిందంటే టీచరు బుర్రలోని తప్పుల పట్టిక దాని చేతిలో ఉంది గనుక.

పిల్లల చేతికి చాట్‌బాట్ ఇవ్వాలా వద్దా అన్న చర్చ పక్కన పెడితే, టీచరు చేతిలో అది ఇప్పుడే పనికొస్తుంది. దశాంశాలకు వేసినలాంటి ప్రశ్నలు రాయడం కష్టం, ఒక్కోదానికి అరగంట పట్టొచ్చు. పాఠ్యపుస్తకం పేజీ ఫొటో పెట్టండి, పుస్తకంలోని మాటలే వాడమనండి. ఒక ప్రశ్న, నాలుగు జవాబులు, ప్రతి తప్పు జవాబుకూ పిల్ల ఎలా ఆలోచిస్తే అది వస్తుందో పక్కన రాయమనండి. పది అడిగితే మూడు నిలుస్తాయి. మిగతావి ఎందుకు పనికిరావో కూడా ముందే తెలుసుకోవచ్చు. కొన్నిట్లో రెండు జవాబులు ఒప్పవుతాయి. కొన్నిట్లో సరైన జవాబే అన్నిటికన్నా పొడుగ్గా ఉంటుంది, పిల్లలు చదవకుండానే పట్టేస్తారు. ఇంకొన్నిట్లో పక్కన రాసిన తప్పు ఆలోచనతో లెక్క చేస్తే ఆ జవాబు రాదు, వేరే అంకె వస్తుంది. అందుకని ప్రతి తప్పు జవాబునూ చేత్తో ఒకసారి చేసి చూడాలి. వీటికన్నా మంచి ముడిసరుకు టీచరు దగ్గరే ఉంది. పోయిన ఏడాది జవాబుపత్రాల్లో పిల్లలు రాసిన తప్పులే అసలైన తప్పు జవాబులు.

తెలుగులో అడిగితే ఖర్చెక్కువ, నెమ్మది అన్న మాట ఒకప్పుడు నిజం. ఈ యంత్రాలు మాటల్ని ముక్కలు చేసి చదువుతాయి, ధర ముక్కల లెక్కన. 2024 మేలో చాట్‌జీపీటీకి కొత్త రూపంగా జీపీటీ 4ఓ వచ్చినప్పుడు దాని కంపెనీ ఓపెన్‌ఏఐ చూపిన ఉదాహరణలో ఒకే తెలుగు పాఠం పాత పద్ధతిలో 159 ముక్కలు, కొత్తదాంట్లో 45. తెలుగు బడికి అది చిన్న విషయం కాదు.

ఇంటిపని సంగతి మాత్రం తెగిపోయింది. నోట్‌బుక్‌లో వచ్చిన అందమైన సాధన ఎవరిదో తెలియదు కాబట్టి దానికి మార్కులివ్వడం మానేయాలి. ఐదు లెక్కలిచ్చి, మర్నాడు పీరియడ్ మొదట్లో వాటిలో ఒకదాన్ని అంకెలు మార్చి, నోట్‌బుక్ మూయించి చేయించండి. మార్కులు దానికే. ఇంట్లో యంత్రంతో నేర్చుకున్నా, అక్కతో నేర్చుకున్నా అభ్యంతరం లేదు.

తెలిశాక ఏం చేస్తాం

ఇదంతా చేయాల్సిన టీచరు చేతిలో ఇప్పటికే ఫోన్ ఉంది, దానితో చేయించేది వేరే పని. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఆగస్టు నుంచి ముఖం చూపించి హాజరు వేయాల్సి వచ్చింది, దానితోపాటు మధ్యాహ్న భోజనం, మరుగుదొడ్ల ఫొటోలు, రకరకాల యాప్‌లు తోడయ్యాయి. గత కొన్నేళ్ళలో టీచరు రోజును అన్నిటికన్నా ఎక్కువ మార్చిన డిజిటల్ సాంకేతికత ఇదే, ఇందులో చదువు ఊసు లేదు. దశాంశాల ప్రశ్న రాసుకోవాల్సిన సమయం ఇక్కడ ఖర్చవుతోంది.

కొనేవాళ్ళు టెండరులో అడగాల్సినవి కూడా మారాలి. ఎన్ని గంటల వీడియో ఉందని అడుగుతారు. ఏ పిల్ల ఏ ప్రశ్నకు ఏ తప్పు జవాబు ఎంచుకుందో టీచరుకు కనబడుతుందా, ఆ వివరాలన్నీ మామూలు స్ప్రెడ్‌షీట్‌గా దింపుకోవచ్చా, టీచరు తన సొంత ప్రశ్నలు యూనికోడ్ తెలుగులో చేర్చగలదా, కంపెనీ మూతబడితే ఆ ప్రశ్నలూ జవాబుల చిట్టా ప్రభుత్వం దగ్గర మిగులుతాయా అని అడగాలి. చివరి ప్రశ్న 2024 తర్వాత ఊహాజనితం కాదు.

ఇవన్నీ సమకూరినా ఒక గోడ మిగులుతుంది. అట్టలు పైకెత్తించి చూస్తే ముప్ఫై ఐదు మందిలో ఇరవై రెండు మందికి దశాంశాల స్థాన విలువే రాదని తేలిందనుకోండి. మర్నాడు టీచరు ఏం చేయాలి? తనిఖీకి వచ్చినవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న సిలబస్ ఎంతవరకు అయిందనే. ఆగి మళ్ళీ చెప్పిన టీచరు వెనకబడినట్టు, ఆగకుండా వెళ్ళిన టీచరు సకాలంలో ముగించినట్టు రిజిస్టర్‌లో పడుతుంది. టైంటేబుల్‌లో వారానికి రెండు పీరియడ్లు ఏ పాఠం పేరూ రాయకుండా ఖాళీగా వదిలితే ఈ చిక్కు సగం తీరుతుంది. ఆ వారం ప్రశ్నల్లో బయటపడినదాన్ని బట్టి పిల్లల్ని మూడు గుంపులు చేసి, ఒక గుంపు టీచరు దగ్గర, ఒక గుంపు ట్యాబ్‌ల ముందు, వచ్చేసినవాళ్ళు కష్టమైన లెక్కలతో కూర్చుంటారు. దీనికి కొత్తగా కొనాల్సిందేమీ లేదు. ఆ రెండు పీరియడ్లు సిలబస్ లెక్కలోకి రావని జిల్లా విద్యాశాఖాధికారి రాతపూర్వకంగా ఇచ్చే ఒక్క ఉత్తర్వు కావాలి.